మేనమామ పద్యం మళ్ళీ దొరికింది

పూతలపట్టులో మాది పెళ్లిపత్రికలు అచ్చువేసే చిన్న అంగడి. పోయిన సోమవారం పెళ్లికూతురి తండ్రి ఒకాయన, బావమరిదితో మాటామాటా అనుకుని వచ్చాడు. మేనకోడలి కోసం ఆ బావమరిది రాసిచ్చిన పద్యాన్ని పత్రికలోంచి తీసేయించాడు. నేను అదే ఫైల్లో తుడిచేసి సేవ్ చేశాను. చేతిరాత కాగితమూ పారేశాను.

ఈ రోజు ఆయన రొప్పుతూ వచ్చాడు. "మేం కలిసిపోయినామప్పా! పద్యం మళ్ళా పెట్టు. తీసేసినామని తెలిస్తే మా బావమరిది పెండ్లికే రాడు."

నేను చెత్తబుట్ట తిరగేశాను; ఆ కాగితం ఎప్పుడో పోయింది. మా దగ్గర పనిచేసే కవిత మాత్రం తొణక్కుండా స్నాప్‌షాట్లు తెరిచింది. మా కంప్యూటర్ ప్రతి గంటకూ ఫైళ్లన్నిటినీ అప్పుడెలా ఉంటే అలాగే దాచిపెడుతోందట! సోమవారం పదిగంటలకు దాచిన పత్రికలో పద్యం ఉంది, ఒక్క అక్షరం పోకుండా. పదకొండు గంటల దాంట్లో లేదు.

ఆయన తెరవైపే చూస్తూ నిలబడిపోయాడు. "అంటే మా కొట్లాటంతా ఇది సూస్తానే ఉండిందా?"

ఇన్నేళ్లూ సేవ్ నొక్కితే పాతది పోయినట్టే అనుకున్నాను. ఇప్పుడు ఆ బటన్ నొక్కాలంటేనే భక్తిగా ఉంది. మీకైతే ఏ రోజు పదిగంటల వేళ తిరిగి కావాలి?