ఊడ్చిన వాగు

మా బావ వెండెల్‌కి పని అప్పజెబితే సగంలో వదలడు. అదే మా కొంప ముంచింది.

ఆయన ఇరవై ఏళ్లప్పుడు చేపల ఆఫీసువాళ్లు చేతికి రంపం ఇచ్చి, గుడ్లు పెట్టడానికి సముద్రంనుంచి వాగెక్కే సాల్మన్ చేపలకి వాగులో పడ్డ దుంగలు అడ్డం, తీసెయ్యమన్నారు. రెండు వేసవులు తీశాడు. మా ఆల్డర్ వాగుని పెళ్లింటి వాకిలిలా ఊడ్చిపెట్టాడు. మెచ్చుకుని ఓ టోపీ ఇచ్చారు మహానుభావులు. మంచి దేవదారు దుంగలు పారెయ్యడమెందుకని బావ వాటితోనే పెరట్లో, చేపలు నిలవుండేలా పొగబెట్టే పాక కట్టాడు. నాలుగేళ్లు పొగబెట్టాడో లేదో, ఆ తర్వాత పొగబెట్టుకోడానికి వాగులో చేపే రాలేదు.

అది జరిగి యాభై ఏళ్లు దాటాక, ఏ వాగు ముందు బాగుచెయ్యాలో మా తెగ సభలో జాబితా చదివారు. పందొమ్మిదింట్లో మాది పందొమ్మిదోది.

"దుంగల్లేవు, వాటి వెనక నిలిచే మడుగుల్లేవు," అంది చేపల ఆఫీసు పిల్ల డార్లా. "వరదొస్తే గులకరాళ్లూ గుడ్లూ కలిసి కొట్టుకుపోతాయి. ఎవరో శుభ్రంగా ఊడ్చేశారు."

"ఎవరో ఏంటమ్మా, నేనే. టోపీ ఇంకా ఇంట్లోనే ఉంది," అన్నాడు బావ.

సభంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"మా వాగు వంతు ఎప్పుడు?"

"పదిహేనేళ్లు పట్టొచ్చు తాతా."

"నాకు డెబ్బై రెండు. చేప తిరిగొచ్చిందని నా సమాధికొచ్చి చెప్తావా?"

మర్నాడు వెళ్తే పాకకి కప్పు లేదు. బావ గోడ దుంగలు ఊడదీస్తున్నాడు. మా అక్క లోరెటా గుమ్మంలో నిలబడి ఆయన్ని దులిపేస్తోంది.

"తియ్యమంటే తీశావు. ఇప్పుడు ఎవరూ పెట్టమనకుండానే పెడుతున్నావు. బుర్రుందా నీకు?"

"అప్పుడు లేదు," అన్నాడు బావ.

నా ట్రాక్టరూ నా నడుమూ రెండూ అరిగిపోయేలా దుంగలన్నీ వాగులోకి లాగాం. డార్లా పరుగున వచ్చి అనుమతి కాగితమేదంది.

"తీసినప్పుడు మీ ఆఫీసే ఇచ్చిందిగా. అదే పని, వెనక్కి చేస్తున్నా."

ఆ పిల్ల తల పట్టుకుంది. తర్వాత బూట్లు తడుపుకుంటూ దిగి, ఏ దుంగ ఎటు తిప్పాలో చూపించింది. కాగితం తనే తెచ్చిపెట్టింది.

రెండేళ్లపాటు ఊరంతా ఆయన్ని ఆటపట్టించింది, ఆ పొగ కంపుకి చేపలు పారిపోతాయని. మూడో ఏడు, శరదృతువు వానల్లో, మసిపట్టిన దుంగ పక్కన మడుగులో ఎర్రబడ్డ సాల్మన్ జంట కనిపించింది. ఆడది గుడ్లు పెట్టడానికి తోకతో గులకరాళ్లు తవ్వుతోంది. బావ ఒడ్డునే కూలబడి ఏడ్చేశాడు. నాకూ ఆగలేదు.

అక్క మాత్రం నడుం మీద చెయ్యేసుకుని, "తీరా చేపొచ్చింది. పొగబెట్టుకుందామంటే పాకేది?" అంది.

బావ ముక్కు తుడుచుకున్నాడు. "చేప పాకలోనే ఉందిగా. చూడు."