తాళం వేసిన బీరువాలో నడిచిన వాచీ

దయ్యాలంటే భయం లేదని గొప్పలు చెప్పుకోను. వాటి గురించి ఆలోచించే తీరికే నాకెప్పుడూ లేదు. చుట్టాల ఇళ్లలో ఎవరైనా అలాంటి ముచ్చట మొదలుపెడితే లేచి వంటింట్లోకి పోయి టీ పెట్టుకునే రకాన్ని. మల్లాపూర్‌లో మోటారు పార్టులు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లుగా ఇన్‌స్పెక్షన్ పని చేస్తున్నాను. పొద్దస్తమానం చేతిలో మైక్రోమీటరు, కంటికి భూతద్దం. కొలిస్తే తేలనిదాన్ని నమ్మడం నాకు చేతకాదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. పాలిష్ అయిన పార్టు మీద గీత కనిపిస్తే, అది ఎలా పడిందని మొదట అడగం. చివరగా ఎవరి చేతిలో ఉందని అడుగుతాం. ప్రతి ట్రేకీ ఒక కార్డు ఉంటుంది, ముట్టుకున్న ప్రతివాడూ దాని మీద సంతకం పెడతాడు. గీత దానంతటది పడదు అని కొత్తగా చేరిన వాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తు లేదు. ఆ మాటను ఇంటికి కూడా మోసుకుపోవడమే నేను చేసిన తప్పు.

ఆ వాచీ ఉప్పల్‌లో పాత ఫోన్లు, వాచీలు అమ్మే దుకాణంలో దొరికింది. స్విట్జర్లాండ్‌ది. కొత్తదైతే షోరూం అద్దంలోంచి చూసి రావలసిందే. ఇదేమో బాగా అరిగిపోయింది. గ్లాసు మసకబారింది, చైను సాగి వేలాడుతోంది, కేసు నిండా గీతలు. అందుకే నాలాంటి వాడికి అందింది. యాభై నిండేలోపు అలాంటి వాచీ ఒకటి చేతికి పెట్టుకోవాలని నాకు ఎప్పటినుంచో కోరిక. మా ఆవిడ లావణ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిదేంది, ఎవలన్న పారేస్తే ఏరుకొచ్చినవా?" అంది.

అది ఆటోమేటిక్ వాచీ. అందులో సెల్లు ఉండదు. పెట్టుకున్న మనిషి చెయ్యి కదిలినప్పుడల్లా లోపల ఒక చిన్న బరువు తిరిగి స్ప్రింగును చుడుతుంది. తీసి పక్కన పెడితే రెండు రోజుల్లోపే ఆగిపోతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే నా బాధ అర్థమవుతుంది.

దాని గీతల్లో మూడు మిగతావాటిలా లేవు. కేసు కింది వైపు ఎడమ మూలన, పక్కపక్కనే, ఏటవాలుగా, లోతుగా ఉన్నాయి. పాత యజమాని ఎవరో రోజూ ఒకే చోట గరుకు గోడకు చెయ్యి రాసుకుని నడిచేవాడేమో అనుకున్నాను.

నాచారంలో మా ఇంటికి దగ్గరే యాదగిరి అనే వాచ్ మెకానిక్ ఉన్నాడు. ఆయన విప్పి చూసి అసలుదేనని తేల్చాడు. అక్కడినుంచి నా తిప్పలు మొదలయ్యాయి. మొదట తెప్పించిన గ్లాసు వదులైంది. రెండోది అసలు దిగనే లేదు. కీ తిప్పే బుడిపె దొరకడానికి నెల రోజులు పట్టింది. ఎప్పుడు వెళ్లినా "ఎల్లుండి రా అన్న" అనేవాడు. ఆ ఎల్లుండి ఎప్పటికీ వచ్చేది కాదు. రెండున్నర నెలలు దాటాక లోపలి పని పూర్తయింది. కేసును మాత్రం మా ఫ్యాక్టరీ వెనక ఉన్న బఫింగ్ షెడ్డులో నేనే కూర్చుని పాలిష్ చేశాను. అంచులు కరగకుండా ఓపిగ్గా చేసేసరికి రెండు ఆదివారాలు పోయాయి. ఒక్క గీత లేదు. భూతద్దం కింద చూసి, అన్ని వైపులా ఫొటోలు తీసుకున్నాను. మనసు నిండిపోయింది.

వెంటనే పెట్టుకుంటే బాగుండేది. సోమవారం పూజ చేసి పెట్టుకోమంది లావణ్య. ఈలోగా ఫ్యాక్టరీ పని మీద నేను పుణె వెళ్లాల్సి వచ్చింది. వాచీని బీరువా లాకర్లో పెట్టి, తాళంచెవి ఎప్పటిలాగే ఫ్రిజ్ పక్కన మేకుకు తగిలించి వెళ్లాను.

ఆరో రోజు తిరిగొచ్చి లాకర్ తీశాను. వాచీ నడుస్తోంది. టైము నా ఫోనుతో సరిగ్గా కలిసింది. కింద ఎడమ మూలన మూడు గీతలు ఉన్నాయి.

ఎవరో పెట్టుకుని తిరిగారు. అప్పుడు నాకు తోచింది అదొక్కటే, ఇంకెవరికైనా అదే తోచేది. ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను ఊళ్లో లేను. లావణ్యకు అది గాజులాగా మోచేతి దాకా జారుతుంది. మిగిలింది మా బామ్మర్ది శ్రీకాంత్.

శ్రీకాంత్ గురించి చెప్పాలి. వాడికి ఇరవై ఏడేళ్లు. చిన్నప్పుడే తల్లి పోతే లావణ్యే పెంచింది. జనగామ నుంచి వచ్చి మూడేళ్లుగా మాతోనే ఉంటూ, ఉప్పల్ దగ్గర ఒక గోదాములో పని చేస్తున్నాడు. నీళ్ల మోటారు కాలిపోయినా, నాకు జ్వరమొచ్చి దవాఖానాకు పోవాల్సి వచ్చినా ముందుండేది వాడే. సొంత తమ్ముడున్నా అంత చూసేవాడు కాదు.

నవ్వుతూనే అడిగాను. "నేను ముట్టనే ముట్టలే బావా" అన్నాడు వాడూ నవ్వుతూ. నేను నమ్మలేదు. పోనీలే, కుర్రవయసు సరదా అనుకుని మళ్లీ పాలిష్ చేసి లాకర్లో పెట్టాను. పెట్టిన సంగతి ఎవరికీ చెప్పలేదు. వారం తర్వాత తీస్తే మళ్లీ నడుస్తోంది. మళ్లీ అవే మూడు గీతలు.

ఈసారి నాకు ఒళ్లు మండింది. రెండు ఆదివారాల కష్టం, ఆపైన కళ్లలోకి చూస్తూ అబద్ధం. లావణ్య ముందే వాడిని నిలబెట్టి, ఫ్యాక్టరీలో అడిగినట్టే అడిగాను. బీరువా చివరగా తీసింది ఎవరు? తన బట్టలు కూడా అందులోనే ఉంటాయి కాబట్టి తనే తీశానని ఒప్పుకున్నాడు. "మరి గీతలు ఎవలు పెట్టిన్రు, దానంతట అదే పెట్టుకున్నదా?" అన్నాను. "గది నన్నడిగితే నాకేం ఎర్క బావా" అన్నాడు. నేను ఇంకా చాలా మాటలన్నాను. తిండి పెట్టిన ఇల్లు అనే మాట కూడా అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వాడు సాయంత్రానికల్లా బట్టలు సర్దుకుని నారపల్లిలో ఒక స్నేహితుడి గదికి వెళ్లిపోయాడు. "నా తమ్మున్ని దొంగోని లెక్క నిలబెట్టినవ్" అంది లావణ్య. ఆ తర్వాత చాలా రోజులు నాతో అవసరమైనంత మేరకే మాట్లాడింది.

మూడోసారి పాలిష్ చేశాను. ఈసారి తాళంచెవి నా జేబులోనే ఉంది, శ్రీకాంత్ మా గడప తొక్కలేదు. నాలుగో రోజు లాకర్ తీశాను. సెకన్ల ముల్లు తిరుగుతూనే ఉంది. మూల చూడకుండానే మూసేద్దామనిపించింది. చూశాను. మూడు గీతలు.

నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే అప్పుడు ఏడుపొచ్చింది. వాడు కాదని తెలిసిపోయింది. మరెవరో తెలియలేదు.

వాచీ తీసుకుని యాదగిరి దగ్గరికి పరుగెత్తాను. అంతా విని, వారం రోజులు తన దగ్గర ఉంచుకుంటానన్నాడు. ఆయన డ్రాయరులో అది రెండో రోజే బుద్ధిగా ఆగిపోయింది. కొత్త గీత ఒక్కటీ పడలేదు. "మిషన్ మస్తుగున్నది అన్న. నువ్వే జర నిద్ర మంచిగ పో" అని చేతిలో పెట్టాడు. నలుగురికీ చూపించాలనుకుంటే ఏమీ చెయ్యదు. నా దగ్గరికి రాగానే మొదలు. దాన్ని రోడ్డు మీదికి విసిరికొట్టాలన్నంత కోపమొచ్చింది.

నిద్రలో నేనే లేచి పెట్టుకుంటున్నానా అన్న అనుమానం కూడా వచ్చింది. అదీ తేల్చుకుందామనుకున్నాను. పండుగకు ఫ్యాక్టరీ నాలుగు రోజులు మూసేముందు, వాచీని ఇంకోసారి పాలిష్ చేసి, కొలత పరికరాలు దాచే ఇనప బీరువాలో పెట్టాను. తాళంచెవి నా ఒక్కడి దగ్గరే ఉంటుంది. తలుపు సందు మీద కాగితం పట్టీ అతికించి అడ్డంగా సంతకం చేశాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. ఆ నాలుగు రోజులూ నేను లావణ్యతో కలిసి జనగామలో ఉన్నాను.

తిరిగొచ్చాక అందరికంటే ముందు వెళ్లాను. పట్టీ చిరగలేదు, సంతకం చెదరలేదు. నేనే చించి తలుపు తీశాను. లోపల వాచీ నడుస్తోంది. టైము సరిగ్గా ఉంది. మూడు గీతలున్నాయి. మైక్రోస్కోపు కింద పెట్టి వాటి మధ్య ఎడం కొలిచాను. ఇంట్లో పడ్డప్పుడు కొలిచి రాసుకున్న అంకెలతో పక్కపక్కన పెట్టి చూశాను. ఏ తేడా లేదు. నా ఉద్యోగంలో అంత కచ్చితంగా కలిసిన కొలతలు నేను చూడలేదు.

అదే రోజు పని అయ్యాక నారపల్లి వెళ్లాను. హార్డ్‌వేర్ దుకాణం మీది గదిలో ఉంటున్నాడు శ్రీకాంత్. కింద కూర్చుని, వాచీ ముందు పెట్టి, పట్టీ సంగతి, కొలతల సంగతి మొత్తం చెప్పాను. తప్పు నాదేనని, ఇంటికి రమ్మని అడిగాను. వాడు చివరిదాకా విన్నాడు. వాచీని మాత్రం ముట్టుకోలేదు.

"మరి ఎవలు పెట్టుకున్నరు బావా?" అన్నాడు.

"తెల్వదురా" అన్నాను.

"ఎవడన్న దొరికితే నేను కానట్టు. దొరకకుంటే ఇంక నేనే గదా బావా."

అట్లా కాదురా, నేను నిన్ను నమ్ముతున్నా అన్నాను. వాడు సరేనని తలూపి స్టవ్ మీద టీ పెట్టాడు. టీ తాగి వచ్చేశాను.

ఆ తర్వాత నేను దాన్ని పాలిష్ చెయ్యడం మానేశాను. బీరువాలోనే ఉంది. ఎప్పుడు తీసినా నడుస్తూనే ఉంటుంది. అన్ని నెలలు కష్టపడిన ఆ వాచీని నేను ఒక్క రోజు కూడా చేతికి పెట్టుకోలేదు. అమ్మేయమంటాడు యాదగిరి. అమ్మితే శ్రీకాంత్ తప్పు చెయ్యలేదనడానికి ఉన్న ఒక్క సాక్ష్యం కూడా పోతుంది.

వాడు ఇప్పుడు నెలకో ఆదివారం అక్క పిలిచిందని భోజనానికి వస్తాడు. నాతో బాగానే మాట్లాడతాడు. వెళ్లేటప్పుడు గడప దగ్గర ఆగి, చొక్కా చేతులు పైకి లాక్కుని, రెండు మణికట్లూ నా ముందు చాపుతాడు. "సూస్కో బావా, ఏం లేదు" అని నవ్వుతాడు. లావణ్య నవ్వదు. నేను ఎటో చూస్తాను.

దాన్ని ఎవరు పెట్టుకుంటున్నారో తెలిస్తే, ఆ చేతులు దించురా అని వాడిని గట్టిగా కసురుకోగలను. నాకు తెలియదు.