అబ్బాయి దొంగ పెట్టె

మా ఆఫీసులో తీగలు లాగే ఆయన్ని అందరం కేబుల్ బాబాయి అనేవాళ్లం. ఏ తీగ బిగించినా రెండు చివర్లా తెల్లకాగితం చుట్టి, అది ఎవరిదో గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. ‘మూల ప్రింటరు’, ‘రిసెప్షన్ అమ్మాయి’, ‘దగ్గే సారు’. ఆ దగ్గే సారు ఎప్పుడూ బల్ల కిందికి వంగలేదు కాబట్టి బతికిపోయాం.

“ఇంత రాతెందుకు బాబాయ్?” అంటే, “రేపు నేనుండకపోవచ్చు అబ్బాయ్. తీగనడిగితే అదే చెప్పాలిగా,” అనేవాడు.

నాది నెట్‌వర్కు పని. ఆఫీసులో ప్రతి కంప్యూటరుకూ ఒక నంబరు కావాలి, అదే దాని చిరునామా. వాటిని పంచేది కింది గదిలోని పెద్ద సర్వరు. మా డొమైన్‌లో, అంటే ఆఫీసు కంప్యూటర్లన్నీ చేరిన కుటుంబంలో, ఆ అధికారం దానికొక్కదానికే ఉంది. రెండోది పెట్టాలంటే అనుమతి కావాలి. నేను అడగలేదు. కొత్త ప్రింటర్లు పరీక్షించుకోవడానికని ఒక పాత కంప్యూటరును డొమైన్‌లో చేర్చకుండానే బల్ల కింద పెట్టి, నంబర్లు పంచడం దానికీ నేర్పాను. పరీక్షలప్పుడు ఆఫీసు తీగ పీకేసేవాణ్ణి. మళ్లీ తగిలించాక పెట్టెను ఆర్పకుండా అలాగే వదిలేసేవాణ్ణి.

ప్రమాదం లేదనుకున్నాను. అలాంటి విడి సర్వరు లేవగానే, ఆ తర్వాత గంటకోసారి, పెద్దవాళ్లెవరైనా ఉన్నారా అని అడుగుతుంది. ఉన్నామని జవాబొస్తే నోరు మూసుకుంటుంది. మంచి పెంపకమే.

ఒక సోమవారం పొద్దున కరెంటు పోయి వచ్చింది. పెద్ద సర్వరు లేవడానికి పావుగంట పడుతుంది. నా పెట్టె రెండు నిమిషాల్లో లేచి అడిగింది. ఎవరూ పలకలేదు. ఇక ఇల్లంతా తనదే అనుకుని పై అంతస్తు మొత్తానికీ తప్పుడు నంబర్లు పంచేసింది. ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. పదింటికి పంపాల్సిన టెండరు ఆగిపోయింది. గంట తిరిగేసరికి పెద్దది పలికింది, నాది నోరు మూసుకుంది. కంప్యూటర్లన్నీ ఒకసారి ఆర్పి వెలిగిస్తే అంతా సర్దుకుంది.

మేనేజరు అందరినీ పిలిచాడు. “శనివారం పైన తీగలు మార్చింది కేబులాయనే కదా? తీగల్లోనే లోపమంటావా?” అని నన్నడిగాడు.

అది నా పెట్టె పనేనని తెలిసీ, “అయ్యుండొచ్చండీ,” అన్నాను.

ఆ ఒక్క మాటతో బాబాయి పన్నెండేళ్ల పని పోయింది. ఆయనది కాంట్రాక్టు, రేపట్నుంచి రావద్దంటే చాలు. సాయంత్రం సంచీ సర్దుకుని నా దగ్గరికొచ్చాడు.

“తీగల్లో లోపమన్నావట అబ్బాయ్.”

నేను తెర వైపు తిరిగి కీలు నొక్కుతూ కూర్చున్నాను. ఆయన సంచీ భుజానికెత్తుకుని, “సరేలే. నా కాగితాలు మాత్రం పీకనివ్వకు,” అని వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక పెట్టె తీసేద్దామని వంగాను. దాని తీగకూ తెల్లకాగితం ఉంది. ‘అబ్బాయి దొంగ పెట్టె. ఎవరూ ముట్టొద్దు.’ కింద శనివారం తేదీ. ఆయనకంతా తెలుసు. మేనేజరు ముందు ఒక్క మాటంటే బయటపడేవాడు, అనలేదు. నేను సిగ్గులేనివాణ్ణి. ఆ తీగ చూశాక కూడా దాన్ని సొరుగులో పెట్టుకుని నాలుగు రోజులు ఆఫీసుకొచ్చాను, అన్నం తిన్నాను, జోకులకు నవ్వాను.

శుక్రవారం ఆ తీగ మేనేజరు బల్ల మీద పెట్టాను. చదివి, “ఎవరీ అబ్బాయి?” అన్నాడు.

“నేనేనండీ.”

నాకు మెమో ఇచ్చారు. తప్పు చేసినవాడికి కాగితం, చేయనివాడికి గుమ్మం. బాబాయిని మళ్లీ పిలిపించారు. ఆయన వచ్చిన రోజు ఎదురెళ్లి, “బాబాయ్, నన్ను తిట్టు,” అన్నాను.

“మిమ్మల్ని తిట్టడమేంటి సార్,” అన్నాడు, నిచ్చెన దించుతూ.

ఆ వారం నా బల్లకి కొత్త తీగ వేశాడు. వంగి చూశాను. అవే గుండ్రటి అక్షరాలు: ‘నెట్‌వర్కు సారు’.