దొరపేరుకు ముందు ఏముండేది

ఎనభైల మొదట్లో నేను షార్జాలోని ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేసేదాన్ని. అక్కడ ఒకే స్కాట్లాండ్ ఇంటిపేరు గలవాళ్లం ముగ్గురం ఉండేవాళ్లం: యంత్రాలను చూసుకునే స్కాట్లాండ్ ఇంజనీరు, ఎక్స్‌రే విభాగంలోని ఏలూరు అబ్బాయి, గుంటూరు జిల్లా నుంచి వచ్చిన నేను. ఇంజనీరు మా ఇద్దరినీ చుట్టాలంటూ పలకరించి మురిసిపోయేవాడు. తపాలాలో కొని తెప్పించుకున్న వంశచిహ్నం ఒకటి ఆయన గది గోడకు వేలాడేది. ఆ పేరు గలవాళ్లందరూ ఒకే యోధుడి సంతతి అని దాని కింద అచ్చువేసి ఉండేది.

ఎక్స్‌రే అబ్బాయీ నేనూ పెళ్లి చేసుకోవాలనుకున్నాం. నేను అజ్మాన్‌లో పిన్ని, బాబాయిల దగ్గర ఉండేదాన్ని. అబ్బాయి నచ్చాడన్న పిన్నే అతని ఇంటిపేరు వినగానే మొహం ముడుచుకుంది. ఊళ్లో నాన్న అయితే ఒకే ఇంటిపేరు వాళ్లు అన్నాచెల్లెళ్లని తేల్చేశాడు. మూడు తరాలుగా క్రైస్తవులమైనా ఆ కట్టుబాటును మావాళ్లు వదల్లేదు. పరాయి దేశపు పేరుకు కూడా దాన్నే వర్తింపజేశారు. పైగా గోడమీది యోధుడి కథ పిన్ని చెవిన పడింది.

“మీ దొరే చెబుతున్నాడు కదే, అంతా ఒక్క రక్తమేనని. ఇంకేం కావాలి నీకు?” అంది.

నాన్న పొరబడ్డాడనే నాకు తోచింది. కానీ తోచడం రుజువు కాదు. పైగా అది నేను కోరుకుంటున్న జవాబు కనుక దాన్ని మరింత గట్టిగా శంకించవలసి వచ్చింది.

మొదట ఇంజనీరునే అడిగాను, ఆ మాటకు ఆధారం ఏమిటని. ఆయన నొచ్చుకోలేదు. ఆ పటం అమ్మినవాడి మాట తప్ప వేరే ఆధారం లేదన్నాడు. తన తాత చెప్పింది మరోలా ఉండేదట: ఒక భూస్వామి పొలాలు దున్నుకునేవాళ్లు అతని అండ కోసం అతని పేరే పెట్టుకున్నారు. తరువాత ఆ భూములు గొర్రెల మేతకు పోతే కొందరు నగరాల్లోని మిల్లులకు, కొందరు కెనడాకు, కొందరు ఓడలెక్కి మన దేశానికి వెళ్లారు. ఆ యోధుడు తన తాతముత్తాతల దగ్గర శిస్తు వసూలు చేసినవాడే అయి ఉంటాడని నవ్వాడు. తాత మాటకు మాత్రం రుజువు ఎక్కడుందని నేను అడగబోయి ఆగిపోయాను.

పేరు ఒక్కటైనంత మాత్రాన రక్తం ఒక్కటి కానక్కరలేదని దానితో తేలింది. కానీ వేరని కూడా తేలలేదు. మా ముత్తాతకు ఆ పేరు బాప్తిస్మమిచ్చిన మిషన్ డాక్టరుదని మా ఇంట్లో చెప్పేవారు. తమ ముత్తాత వంట చేసిపెట్టిన, కాలువలు తవ్వించిన దొరదని అబ్బాయి వాళ్లింట్లో. రెండూ విన్న మాటలే. ఒకవేళ ఆ ముత్తాతలిద్దరూ అంతకుముందే ఒకే ఇంటివాళ్లయి ఉంటే? అప్పుడు తప్పుడు కారణంతోనైనా నాన్న మాటే నిజమవుతుంది. ఆ ఆలోచన వచ్చాక నాకు అన్నం సరిగా సహించలేదు.

తేల్చగలిగింది దొరపేరుకు ముందున్న పాత ఇంటిపేరు ఒక్కటే. అది బాప్తిస్మపు నీళ్లలోనే మునిగిపోయిందని నాన్న అనేవాడు. ఆ పేరు పలికితే కులం పలికినట్లే కనుక మగవాళ్లు దాన్ని నోట రానిచ్చేవారు కాదు. ముసలి ఆడవాళ్లకు తెలిసి ఉంటుందని నా ఆశ. ఆ రోజుల్లో గల్ఫ్ వచ్చినవాళ్లం ఇంటికి ఉత్తరాల కన్నా క్యాసెట్లే ఎక్కువ పంపేవాళ్లం. నేను మా నాయనమ్మను, అతను వాళ్ల నాయనమ్మను పాత పేరూ పాత ఊరూ క్యాసెట్‌లో చెప్పమన్నాం. ఎందుకు అడుగుతున్నామో నాయనమ్మలిద్దరికీ చెప్పకూడదని, వచ్చిన క్యాసెట్లు ముందుగా వినకూడదని నేనే షరతు పెట్టాను.

ఒక శుక్రవారం ఆరాధన ముగిశాక పిన్నీ బాబాయిల ముందు వాటిని టేప్‌రికార్డరులో పెట్టాం. ముందు వాళ్ల నాయనమ్మ మాట్లాడింది: వాళ్లది కొల్లేటి ఒడ్డు ఊరు, ఆ ఊరి పేరే ఇంటిపేరు. తరువాత మా నాయనమ్మ దగ్గు వినిపించింది.

“ఇన్నేళ్లకు ఆ పేరు దేనికే నీకు? దొరపేరు మొహం మొత్తిందా?” అని మొదలుపెట్టి, కోళ్ల గురించి, మోకాళ్ల గురించి చెప్పి, చివరికి పల్నాడులో మావాళ్లు చేసిన రాతిపనినిబట్టి వచ్చిన పేరొకటి చెప్పింది. ఏలూరు పక్క మాకు పిల్లనిచ్చినవాళ్లూ లేరు, తెచ్చుకున్నవాళ్లూ లేరట. “అవునూ, అవతలి పిల్లాడిదేమిటో కనుక్కున్నావా?” అని కూడా అడిగింది. నా షరతు ఆమె దగ్గర పనిచేయలేదు.

అతను నా వైపు చూసి నవ్వాడు. నేను క్యాసెట్ వెనక్కి తిప్పాను.

“మళ్లీ వింటే పేరు మారుతుందటే? ఖలాస్, అన్నాలకు లేవండి,” అంది పిన్ని. ఆమె గొంతు తేలికపడింది. అయినా నేను రెండోసారి విన్నాను. మారలేదు. ఆ రోజు పులుసన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను.

ఆ క్యాసెట్లు రెండూ నాన్నకు పంపాం. ఆయన జవాబు కూడా క్యాసెట్‌లోనే వచ్చింది.  “మా అమ్మే చెప్పాక నేను కాదనేదేముందమ్మా. పెళ్లి మాత్రం మన చర్చిలోనే చేద్దాం,” అన్నాడు.