అత్తమ్మ పెట్టిన కానూన్లు

నిన్న మా అమ్మాయి స్టీలు గ్లాసులో గవ్వలు గలగలలాడిస్తుంటే తాండూరులోని మా మేనత్త గుర్తొచ్చింది. ఎండాకాలం సెలవులకు వికారాబాద్ నుంచి రైల్లో ఆమె ఇంటికి పోయేదాన్ని. చల్లటి బండల మీద సుద్దముక్కతో అష్టాచెమ్మ గళ్లు గీశాక, అత్తమ్మ ఆ ఏటి కొత్త కానూను చెప్పేది.

"గీయేడు గవ్వలు చేత్తోని ఎయ్యొద్దు బిడ్డా, గిలాసల ఊపి ఎయ్యాలె," అంది ఒకసారి. మరుసటి ఏడు, "నా కాయలు సుత నువ్వే జరుపాలె," అంది.

"గట్లెందుకత్తమ్మా?"

"కానూనంటే కానూనే!"

ఆమె చేతిలో గ్లాసు ఆగకుండా మోగేది. ఊపడం ఆమెకు అంత ఇష్టమనుకున్నాను. ఆ కానూన్లను వికారాబాద్ తెచ్చి మా వాడకట్టు పిల్లలకు నేర్పాను, ఒప్పుకోనివాళ్లతో పోట్లాడాను. తర్వాతి ఎండాకాలం కొత్త కానూను కోసం ఎదురుచూస్తుంటే నాన్న అన్నాడు: "తాండూరు పోవుడు లేదు బిడ్డా. అత్తమ్మ లేదిగ."

ఆమెకు చేతులు వణికే జబ్బని, గవ్వలు పిడికిట్లో నిలిచేవి కావని పెద్దయ్యాక అమ్మ చెప్తే తెలిసింది.

మా ఇంట్లో ఎవరి చేతులూ వణకవు. అయినా గవ్వలు గ్లాసులోనే వేస్తాం.