నమిలి తిన్న ఊతకర్ర

నా చిన్నప్పుడు మా నాయనమ్మ మంచం పక్కన ఒక రాగి చెంబు ఉండేది. పొద్దున నేను నింపిన నీళ్లు సాయంత్రానికి కూడా సగానికి దిగేవి కావు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఏడేళ్ల నేనూ అడగలేదు.

మాది బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు పంపే పల్లె. అరవైల నాటి మాట. వానాకాలం చివర నాయనమ్మ పాచిపట్టిన వాకిట్లో జారి, తుంటి మీద పడింది. బాపు ఆమెను బండిలో బోధన్ దాకా, అక్కణ్నుంచి బస్సులో నిజామాబాద్ తీసుకుపోయాడు. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక విరగలేదనీ, నొప్పి తగ్గగానే మెల్లగా నడిపించమనీ చెప్పాడు. ఇల్లు చేరాక ఆ మాట ఎవరికీ గుర్తు లేదు. శని చూపు పడిందని, నలభై రోజులు కాలు కింద పెట్టకూడదని ఊరి పెద్దలు పంచాంగం చూపించి తేల్చారు. ఎక్స్‌రే చూసినవాడి మాట కంటే ఆకాశం చూసినవాడి మాట గట్టిదైంది.

బాపు ఆ నలభై రోజులూ తల్లిని నేల తాకనివ్వలేదు. నేను ఆమెకు కాళ్లనయ్యాను. దువ్వెన, వక్కల సంచి, దుప్పటి, ఏది కావాలన్నా ఆమె నోరు తెరిచేలోపే తెచ్చేదాన్ని. ఎంత మంచి పిల్ల అని నలుగురూ అంటే పొంగిపోయేదాన్ని.

గడువు తీరింది. శని పోయాడన్నారు. నాయనమ్మ మాత్రం లేవలేదు. నిలబెడితే పిక్కలు వణికేవి. వాటిలో కండ కరిగిపోయింది. అంతకంటే పెద్దది, మళ్లీ పడతానన్న భయం. బాపు ఊతకర్ర తెస్తే, "కట్టె పట్టేటంత ముసల్దాన్ని కాలే" అని విసిరికొట్టింది. పెరట్లోకి పోవాలంటే ఇద్దరు మోయాల్సిందే.

పక్కింటి అక్క బీడీలు చుట్టేది. చాట ఒళ్లో పెట్టుకుని రోజంతా కూర్చుంటే కాళ్లు ఎట్లా మొద్దుబారతాయో ఆమెకు తెలుసు. ఒకనాడు నాయనమ్మ దగ్గర కూర్చుని చుడుతూ, నిండుగా ఉన్న చెంబు చూసింది.

"అవ్వా, నీళ్లెందుకు తాగుతలేవు?"

నాయనమ్మ గోడవైపు తిరిగింది. "తాగితె పెరట్లకు పోవాలె గద బిడ్డా. ఎన్నిసార్లని మోపిచ్చుకోను?"

మేం చేసిన సేవ ఏపాటిదో ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

మర్నాడు అక్క, ఫ్యాక్టరీకి పోయే బండివాణ్ని అడిగి ఒక చెరుకు గడ తెచ్చింది. నాయనమ్మ నడుమెత్తుకు కోసి, కింది కొసకు జారకుండా గోనెగుడ్డ చుట్టి, మంచానికి ఆనించింది. "గీ గడ నీదే. గని మీ అవ్వ మా అరుగు దాక తెచ్చిస్తెనే. నువ్వు ముట్టుకున్నవో, లేదు" అంది నాతో.

ఆ పూటతో నేను దువ్వెన అందించడం మానేశాను. మంచం దగ్గర కూర్చుని రాగం తీశాను. ఊతకర్ర పట్టనన్న మనిషి, మనవరాలికి చెరుకు మోయడానికి ఒప్పుకుంది. మొదటిరోజు గడప దాకానే నడవగలిగింది. నాకు దక్కింది రెండు కణుపులే. అక్క ఆమె వెనకే నడిచింది. చేయి నాయనమ్మ వీపుకు జానెడు దూరంలో ఉంది కానీ, తగల్లేదు.

బాపు చూసి మండిపడ్డాడు. "మా అవ్వ మళ్ల పడితె జవాబు నువ్వు చెప్తవా?"

"పడితె లేపుకుందం అన్నా. గిట్లనే పండవెడితె లేపెటందుకు ఏం మిగలది."

బాపు సాయంత్రం పార తీసుకుని వాకిట్లో పాచి అంతా గీకాడు.

ఆ తర్వాత రోజుకొక గడ. నాయనమ్మ తెచ్చేది, నేను నమిలేదాన్ని. ఒకసారి మధ్యదారిలో మోకాళ్ల మీద కూలబడింది. దెబ్బ తగల్లేదని చూసుకున్నాక, అక్క ఆమెను లేపలేదు. గడ చేతికిచ్చి, తనంతట తను లేచేదాకా పక్కనే నేల మీద కూర్చుంది.

ఎండలు ముదిరేనాటికి నాయనమ్మ ఒక్కతే పెరట్లోకి పోయి వచ్చేది. మునుపటి నడక మాత్రం రాలేదు. ఎడమకాలు ఈడ్చేది, పొలం దాకా మళ్లీ ఎన్నడూ పోలేదు. అద్భుతం జరిగిందని రాస్తే అది ఇంకో శనికథ అవుతుంది. జరిగిందల్లా, సాయంత్రానికి చెంబు ఖాళీ కావడం.

చెరుకు బండ్లు ఆగిపోయిన రోజు ఆమె బాపును పిలిచింది. "నాకొక కట్టె చెక్కియ్యి కొడుకా. గీ పిల్ల నమలలేనిది."

నిరుడు నేనూ స్నానాల గదిలో జారిపడ్డాను. ఇప్పుడు కుర్చీలోంచి లేవబోతే చాలు, మనవరాలు పరుగున వచ్చి జబ్బ పట్టుకుంటుంది. ఆ చేతిని మెల్లగా తీసి, నా వీపు వెనక జానెడు దూరంలో ఉంచమంటాను. అది అక్కడ ఉందని తెలిశాక, లేస్తాను.