కట్టె బొగ్గు, రాక్షసి బొగ్గు

మా ఇంట్లో బొగ్గు అంటే కట్టె బొగ్గే. తుమ్మ మొద్దులు పేర్చి, మట్టి కప్పి కాల్చిన బొగ్గు నర్సంపేట వైపు నుంచి బండ్ల మీద మా దొరల గడీకి వచ్చేది. ఇస్త్రీకీ చలికాలం కుంపటికీ అదే. భూమిలోంచి తవ్వి తీసేదాన్ని మా బాపు రాక్షసి బొగ్గు అనేవారు. గడీ పోయింది, భూములు పోయాయి. ఆ ఇంటి మాటలైనా నా నోట్లో మిగిలాయనుకున్నాను. అవీ మారిపోయాయని ఒక ఫోన్ ఆటలో తెలిసింది.

తమ్ముడు భూపాలపల్లి గనిలో పనికి కుదిరినప్పుడు బాపు అతనితో మాట మానేశారు. నేను మానలేదు గాని, పెళ్ళిళ్ళకో చావులకో కలిసినప్పుడు పలకరించేవాడిని, అంతే. ఈమధ్య గనిలో పైకప్పు పెళ్ల విరిగి అతని వీపు మీద పడింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చాక మంచంలో పడుకొని ఫోన్‌లో ఆడటం మొదలుపెట్టాడు. ఒక్కడికే పొద్దుపోవడం లేదని, నన్ను కూడా రమ్మన్నాడు. కాలేజీ ఆఫీసు నుంచి కొత్తవాడలోని అద్దె ఇంటికి వచ్చి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, సాయంత్రం పూట నేనూ ఆ ఆటలో చేరేవాడిని.

ఆటలో ఇద్దరం ఒక అడవిలో చిక్కుకున్నాం. మంచు పడేలోపు ఇనుము కరిగించి పనిముట్లు చేసుకోకపోతే చస్తాం. మట్టితో కొలిమి కట్టుకున్నాం. దాన్ని దేనితో మండించాలన్నదే రోజూ మా తగువు. వట్టి కట్టెలు అడుగు దూరంలో దొరుకుతాయి గాని, వాటి సెగకు రాగి కరుగుతుందే తప్ప ఇనుపరాయి ఎర్రబడి ఊరుకుంటుంది. కట్టె బొగ్గుతో ఇనుము వస్తుంది. దానికోసం చెట్లు నరకాలి, మోయాలి, పేర్చాలి, మట్టి కప్పి కాచుకోవాలి. మధ్యలో వాన పడితే మళ్ళీ మొదటికే. రాక్షసి బొగ్గు గుట్ట అవతల గనిలో ఉంది. కొంచెం వేసినా చాలాసేపు మండుతుంది, ఉక్కు కూడా దానితోనే తయారవుతుంది. కాకపోతే గనిలోకి దిగాలి. అక్కడ కప్పు కూలుతుంది, దీపం ఆరితే ఊపిరాడదు.

పగలంతా ఆఫీసులో ఫైళ్ళు మోసి వచ్చినవాడికి ఆటలోనూ మొద్దులు మోయాలంటే ప్రాణం విసిగేది. రాక్షసి బొగ్గే మేలని నా వాదన. తమ్ముడు మాత్రం మొద్దులు తానే మోస్తానని, తానే కాపలా ఉంటానని అనేవాడు.

ఒక సాయంత్రం ఉక్కు కోసం దాచిపెట్టిన రాయంతా కొలిమిలో పోశాను. తిత్తి ఊదుతూ, బొగ్గు తెచ్చి వెయ్యమన్నాను. తెచ్చి వేశాడు. సెగ సగంలోనే నిలిచిపోయింది, రాయంతా పనికిరాని చిట్టెంగా గడ్డకట్టింది. చూస్తే అతను వేసింది కట్టె బొగ్గు.

బొగ్గు తెమ్మంటే ఇదేమిటన్నాను. ఇది బొగ్గు కాదా అన్నాడు. ఇన్నేళ్ళు గనిలో చేసినవాడికి బొగ్గంటే ఏదో తెలియదా అని కాస్త గట్టిగానే అడిగాను.

ఫోన్ అవతల ఫ్యాను చప్పుడులోంచి అతని గొంతు వచ్చింది.

"ఆటల గూడ నన్ను దిగమంటవా అన్నా?"

కొలిమి చల్లారుతుంటే అసలు సంగతి అప్పుడు చెప్పాడు. డాక్టర్లు అతన్ని అన్‌ఫిట్ అని రాయబోతున్నారు. అట్లా రాస్తే ఆ కొలువు ఇంట్లో ఒకరికి వస్తుంది. ఉన్నది ఒక్క కూతురు. డిగ్రీ అయిపోయింది, ఆ కొలువు తానే చేస్తానని పట్టుబట్టింది. ఇప్పుడు ఆడపిల్లలూ గనిలోకి దిగుతున్నారట. పైన ఆఫీసులో వేస్తారో, కిందికి పంపుతారో ముందే తెలియదట. తండ్రి సంతకం ఒక్కటే మిగిలింది.

ఇంటి పెద్దగా నన్ను ఒప్పుకొమ్మంటాడనుకున్నాను. కుదరదని చెప్పడానికి నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాను కూడా.

"నువ్వు వద్దనాలె అన్నా. నాకు భయమైతాందంటే పిల్ల ఒక్క పూటల నన్ను ఒప్పిస్తది. నువ్వయితే పరువు అను, ఖాందాన్ అను, ఏదన్న అను. బాపు గొంతు నీకే వచ్చింది గద."

చివరి మాటకు తనే నవ్వాడు. వీపు నొప్పికి నవ్వు మధ్యలోనే ఆగింది. నాకు కోపం రావలసిన చోట అలసట వచ్చింది.

ఆదివారం బస్సెక్కి తమ్ముడి ఇంటికి వెళ్ళాను. అమ్మాయి చాయ్ తెచ్చి ఇచ్చింది. గ్లాసు కింద పెట్టి, మన ఇంటి ఆడపిల్ల బొగ్గు పనికి పోదు అని చెప్పాను. బాపు తమ్ముడితో అన్నదీ దాదాపు ఇదే వాక్యం.

"గడీ గోడ గూడ లేదు పెద్దబాపూ. మన పరువు ఎవరు చూస్తాండ్లు?"

"నేను చూస్తున్న."

ఆమె తండ్రి వైపు తిరిగి, నువ్వేమంటవని అడిగింది. అతను గోడ వైపు మొహం పెట్టుకొనే, పెద్దోడు అన్నాక నేనేమంటానని గొణిగాడు. ఆమె ఇంకొంచెం సేపు నిలబడి, నేను తాగని చాయ్ తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు హన్మకొండలో హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షకు చదువుతోంది. నా ఇంటికి రాదు. ఒకసారి బస్టాండులో ఎదురుపడితే తల తిప్పుకొని పోయింది. పెద్దబాపు అనడం మానేసి, దొర అంటోందని తమ్ముడే చెప్పాడు. పిల్లకు అసలు సంగతి చెప్పేస్తానన్నాడు. ఆ కొలువుకు దరఖాస్తు గడువు ఇంకా ఉంది. తండ్రి భయాన్ని ఆమె కరిగించగలదు, నా పరువు మాటను కరిగించడం మాత్రం ఆమె వల్ల కాదు. గడువు దాటేదాకా ఏమీ చెప్పవద్దన్నాను. దాటిన తరువాత చెప్పినా నా మొహం చూస్తుందనే నమ్మకం నాకు లేదు.